పాతకాపు నొవాక్ గారికి

నొవాక్ గారూ,

సంబోధన దగ్గరే చాలాసేపు ఆగిపోయాను. మీ పోలండ్‌లో ఎదుటి మనిషిని 'పానియె నొవాక్', అంటే 'అయ్యా నొవాక్' అని ఇంటిపేరుతో పిలిస్తే మర్యాద కాదట, కసిరినట్టు ఉంటుందట. మర్యాద కావాలంటే సొంత పేరు పట్టుకుని, యాన్ అయితే 'పానియె యానియె' అనాలి. అంటే దేశంలో అందరికంటే ఎక్కువమంది మోస్తున్న ఇంటిపేరు మీదే, దాంతో ఎవర్నీ మొహం మీద పిలవకూడదు! మా వైపు ఇంటిపేరు పక్కన 'గారు' తగిలిస్తే ఎంత పెద్దమనిషైనా పలుకుతాడు. ఈ ఉత్తరం మటుకు మా పద్ధతిలోనే కానిస్తాను, ఏమీ అనుకోకండి.

ముందుగా అభినందనలు. 2 లక్షల పైచిలుకు జనంతో పోలండ్ ఇంటిపేర్లలో మీరే ఫస్టు. రెండో స్థానంలో కొవాల్‌స్కీ 1.4 లక్షల దగ్గర ఆయాసపడుతున్నాడు. ఆ వెనక విష్నియెవ్‌స్కీ. అలాగని మరీ ఛాతీ విరుచుకోకండి. 3.7 కోట్ల దేశంలో 2 లక్షలంటే దాదాపు 185 మందికి ఒకరు. వియత్నాంలో న్గుయెన్ అనే ఇంటిపేరు జనాభాలో మూడో వంతుకు అటూఇటూ ఉంటుంది. అక్కడ పెళ్లి పందిట్లో ఆ పేరు పెట్టి కేకేస్తే వంటవాళ్లు కూడా లేచి వస్తారు. క్రాకోవ్ పెళ్లిలో మీ పేరు పిలిస్తే ఒకరో ఇద్దరో తలెత్తుతారు, వాళ్లకి కూడా కోపం వస్తుంది.

అసలు విషయానికి వద్దాం. 'నొవీ' అంటే కొత్త, మీరు 'కొత్తగా వచ్చినవాడు'. మధ్యయుగాల్లో ఏదో ఒక ఊళ్లోకి ఒకడు మూటాముల్లె సర్దుకుని దిగేవాడు. అడవి కొట్టుకున్నవాడికి భూమి ఇస్తామంటే ఆశపడి వచ్చినవాడో, దొర కింద వెట్టి చాకిరీ పడలేక రాత్రికి రాత్రి పారిపోయి వచ్చినవాడో, మతం మార్చుకుని చర్చిలో కొత్తగా అడుగుపెట్టినవాడో. అప్పటికే ఊళ్లో నలుగురు యాన్‌లు ఉండేవారు. ఏ యాన్ అంటే, ఆ కొత్తాయన. అంతే, పేరు పడిపోయింది. కొత్తాయన ముసలాడై పోయాడు. కొడుకు అదే ఊళ్లో పుట్టి, అక్కడే పెళ్లాడి, అక్కడే మట్టిలో కలిశాడు. మనవడూ అంతే. అయినా వాళ్లు 'కొత్తాయన వాళ్లే'. ఇంతలో 18వ శతాబ్దం చివరికి రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా కలిసి పోలండ్‌ను పంచుకున్నాయి. పన్ను వసూలుకూ, కుర్రాళ్లను సైన్యంలోకి లాక్కోవడానికీ రైతులకు స్థిరమైన ఇంటిపేరు ఉండాల్సిందేనన్నాయి. వెక్కిరింపుగా మొదలైనది కాస్తా సర్కారు పుస్తకంలో సిరాతో ఎక్కింది. 'కొత్త' అనే ఇంటిపేరు మా తెలుగువాళ్లలోనూ ఉంది కానీ, పాపం, వాళ్లు మీలా దేశాన్ని ఆక్రమించలేదు.

చెక్ దేశంలో మీ తమ్ముడు నొవాక్ ఫస్టు. స్లొవేనియాలోనూ నొవాకే ఫస్టు. మూడు దేశాల్లో అందరికంటే ఎక్కువ ఉన్నవాడు నిన్నగాక మొన్న వచ్చినవాడైతే, పాతవాళ్లంతా ఏమైపోయారని ఎప్పుడైనా అడిగారా?

ఇంత చేసీ కీర్తి మీకు దక్కలేదు. ఇదే నాకు బాధ. పోలండ్‌లో సామాన్యుడు అనాలంటే 'సగటు కొవాల్‌స్కీ' అంటారు. బ్యాంకు ఫారం ఎలా నింపాలో చూపించే మాదిరి కాగితం మీద సంతకం యాన్ కొవాల్‌స్కీదే. జనం మీది, పేరు ఆయనది. కారణం ఊహించగలను. ఆ చివర ఉన్న 'స్కీ'యే. సొబియెషిన్ ఊరిని ఏలినవాళ్లు సొబియెస్కీలు అయ్యారు, వాళ్లలో ఒకాయన రాజై 1683లో వియన్నా దగ్గర తుర్కులను తరిమాడు. అప్పటినుంచీ, అంతకుముందునుంచీ కూడా, 'స్కీ' అంటే జమీందారీ వాసన. కొవాల్ అంటే మాత్రం కొలిమి దగ్గర చెమటోడ్చే కమ్మరి. ఆ కమ్మరి వెనక ఒక 'స్కీ' తగిలించుకునేసరికి దేశానికే ప్రతినిధి అయి కూర్చున్నాడు. మీవాళ్లలోనూ కొందరు తెలివైనవాళ్లు నొవాకొవ్‌స్కీలుగా తేలారు. మీరు మాత్రం మారలేదు. మొండితనమో బద్ధకమో గానీ, అది నాకు నచ్చింది.

మీతో వేగడం మటుకు కష్టం సుమా. చిన్నప్పుడు డుమువులు ప్రథమా విభక్తి అని బట్టీ కొట్టిన నాకు విభక్తులంటే భయం లేదనుకున్నాను. నొవాక్ దగ్గరికి వెళ్తే నొవాకా, నొవాక్‌కి ఇస్తే నొవాకొవి, నొవాక్‌తో వెళ్తే నొవాకియెం, నొవాక్ గురించి చాటుగా మాట్లాడితే నొవాకు. సరే, నేర్చుకున్నాం. అదే మీ ఇంటి ఆడవాళ్ల దగ్గరికొస్తే ఏమీ మారదు, ఎటు తిప్పినా నొవాకే. కొవాల్‌స్కీ భార్య కొవాల్‌స్కా అవుతుంది, నొవాక్ భార్య నొవాక్‌గానే ఉంటుంది. వెనకటికి ఇలా ఉండేది కాదు. భార్యను నొవాకొవా అనేవారు, పెళ్లికాని కూతుర్ని నొవాకువ్నా అనేవారు. పేరు వింటే చాలు, పిల్లకి పెళ్లయిందో లేదో తెలిసిపోయేది. పెళ్లిళ్ల పేరయ్యలకు అంతకంటే సౌకర్యం ఏముంటుంది! ఆ పద్ధతి దాదాపు పోయింది. పెద్దవాళ్లు కొందరు ఇంకా నిట్టూరుస్తారు, అమ్మాయిలెవరూ నిట్టూర్చగా నేను చూడలేదు.

మీవల్ల మేలు జరగలేదని అనను. జ్జీస్వాఫ్ యెజొరాన్‌స్కీ అనే ఆయన రెండో ప్రపంచయుద్ధంలో వార్సా రహస్య సైన్యానికీ, లండన్‌లో తలదాచుకున్న పోలిష్ ప్రభుత్వానికీ మధ్య కబుర్లు మోశాడు. నాజీల కళ్లుగప్పి సరిహద్దులు దాటాలంటే ఎవరికీ గుర్తుండని పేరు ఒకటి కావాలి. ఆయన యాన్ నొవాక్ అయ్యాడు. తర్వాత 1952 నుంచి 1976 దాకా మ్యూనిక్‌లో అమెరికా డబ్బుతో నడిచే రేడియో ఫ్రీ యూరప్ పోలిష్ విభాగాన్ని నడిపాడు. కమ్యూనిస్టు ప్రభుత్వం ఆ ప్రసారాలకు అడ్డంగా గరగరమనే చప్పుడు వదిలేది, జనం ఆ చప్పుడులోంచే చెవులు రిక్కించి వినేవాళ్లు. దాక్కోవడానికి పెట్టుకున్న పేరే చివరికి ఆయన్ని ఊరూవాడా తెలిసేలా చేసింది. దాన్ని వదిలించుకోలేక నొవాక్-యెజొరాన్‌స్కీగా రెండూ కలిపి పెట్టుకున్నాడు. చూశారా, మీరు ఒకసారి పడితే ఊడరు.

నవంబరు 1న మీ శ్మశానాలకు వెళ్తే ఆ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. చామంతి కుండీలు, మూతలున్న గాజు దీపాలు, ట్రామ్ నిండా జనం. నల్లరాతి మీద 'నొవాక్ కుటుంబం' అని పెద్ద అక్షరాలు, కింద నలుగురైదుగురి పేర్లు, ఇంకా కొన్ని పేర్లకు ఖాళీ. తరతరాలుగా అదే మట్టిలో ఉన్నారు. రాయి మీద మాత్రం ఇంకా కొత్తవాళ్లే.

ఇప్పుడు నా గోడు. మీ పోలండ్‌లో ఉండనిచ్చే కార్డు కోసం ఒక ఆఫీసుకి తిరుగుతున్నాను. ఏ ఊరు, ఏ ఆఫీసు అని అడక్కండి, కార్డు ఇంకా రాలేదు. మిషన్లో టోకెన్ తీసుకుని కూర్చుంటే పక్కన ఉక్రెయిన్ తల్లీకూతుళ్లు, వాళ్ల పక్కన భుజాన డెలివరీ సంచి దించని నేపాలీ కుర్రాడు. నా నంబరు వచ్చింది. అద్దం వెనకావిడ కాగితాలు తిరగేసి, అద్దె అగ్రిమెంటు సరే, ఇన్సూరెన్సు సరే, జనన ధ్రువపత్రం అనువాదం మీద ప్రమాణ అనువాదకుడి గుండ్రటి ముద్ర సరే, మెల్దునెక్ ఏది అంది. అంటే ఈ అడ్రసులో ఉంటున్నానని సర్కారులో నమోదైన కాగితం. లేదన్నాను. 'మీరు కొత్తగా వచ్చారా?' అంది. ఆవిడ మెడలో వేలాడుతున్న కార్డు మీద ఏ ఇంటిపేరుందో మీకు చెప్పక్కర్లేదు.

నవ్వితే ఫైలు కింద పెట్టేస్తారని నవ్వలేదు. కానీ మిమ్మల్ని అడుగుతున్నాను. మీ మూలపురుషుడు ఆ ఊళ్లో దిగినప్పుడు ఏ మెల్దునెక్ చూపించాడు? దొర కింద నుంచి పారిపోయి వచ్చినవాడైతే ఏ అనువాదకుడి ముద్ర తెచ్చాడు? 19వ శతాబ్దం చివర మీవాళ్లే బొగ్గు గనుల పని కోసం జర్మనీలోని రూర్‌కు గుంపులుగా పోయారు కదా, అక్కడివాళ్లూ ఇదే ప్రశ్న వేసి ఉంటారు. అప్పుడు మీకు ఎలా అనిపించింది?

కాబట్టి మనవి ఏమిటంటే, ఈ కొత్తరికానికి గడువెంతో కాస్త తేల్చి చెప్పండి. వందల ఏళ్లయినా మీ పేరులోంచి అది పోలేదు గనక నా సంగతి ఎలాగూ తేలదనుకోండి. ఇంటి ఓనరు అగ్రిమెంటు ఎన్నేళ్లకు రాయాలని అడుగుతున్నాడు, ఆయనకి ఏదో ఒకటి చెప్పాలి.

ఇట్లు,
పేరు ఇంకా పడని ఓ కొత్తాయన

తా.క.: దీని ప్రతి కొవాల్‌స్కీకి పంపడం లేదు. కవరు మీద అడ్రసు ఎలా రాయాలో చూద్దామని పోస్టాఫీసులో మాదిరి కాగితం తీశాను, అక్కడా ఆయనే ఉన్నాడు.