వేళ్లు చాచమన్న గ్లౌజు గారికి

మహారాజశ్రీ రోబో గ్లౌజు గారికి,

కడప నుంచి ఆఖరి బస్సులో ఇల్లు చేరిన మీ పేషెంటు ఎడమ చేత్తో రాసుకున్న ఉత్తరం. అక్షరాలు వంకరపోతే మన్నించండి. కుడిచేతి సంగతి తమకు తెలియనిది కాదు.

పక్షవాతం వచ్చిన చేతి వేళ్లు విప్పే తమరిని నా మీద పరీక్షించి చూస్తామని పదింటికి రమ్మన్నారు, వచ్చాను. తమరి చార్జరు బెంగళూరులోనే ఉండిపోయిందని పన్నెండింటికి తెలిసింది. ఎవరిదో ల్యాప్‌టాప్ చార్జరు తగిలించి మీకు ప్రాణం పోసేసరికి మూడైంది. పోనీలెండి, పెద్దవాళ్లకు ఆలస్యం సహజం.

తెర మీద బొమ్మ చెయ్యి వచ్చింది. 'దయచేసి వేళ్లు చాచి ఉంచండి' అంది.

సామీ, వేళ్లు చాచగలిగితే నాకు మీతో ఏం పని?

పక్షవాతం వచ్చి పద్నాలుగు నెలలు. మాకు పట్టుకోవడం కంటే వదలడం కష్టం. పిడికిలి దానంతటదే ముడుచుకుంటుంది, బొటనవేలు దాని లోపల దాక్కుంటుంది. గబుక్కున లాగితే ఇంకా బిగుస్తుంది. ఫిజియోథెరపీ గది ముందు బెంచీ మీద కూర్చున్న ఎవర్నడిగినా ఈ ముక్క చెప్పేవాళ్లం, టీ కూడా అడక్కుండా. మీకేమో ఐదు సన్నటి గొట్టాలు! ఇంజినీరు పిల్లోడు తన చెయ్యి దూర్చి చూపించాడు. ఎంత ముచ్చటగా దూరిందో. ఆ పిల్లోడి చేతికి ఏం రోగమని మీరు పుట్టారు?

నా పిడికిలిని మీలోకి తోయడానికి ముగ్గురు కావలసి వచ్చారు. ఒకరు మణికట్టు, ఒకరు బొటనవేలు, మిగతాది మా ఆవిడ. ఇరవై నిమిషాలు. 'ఇంట్లో మీరే వేసుకోవచ్చు' అని పెట్టె మీద రాశారే, ఆ 'మీరే'కి ఎన్ని చేతులు?

తర్వాత ఆట. తెర మీది ఆపిల్ పండ్లు బుట్టలో వేయాలట. నాకు ఆపిల్ వద్దు. కుడిచేత్తో సంగటి ముద్ద తుంచి, బొటనవేలితో గుంట చేసి, పప్పులో ముంచుకోవాలి. పెళ్లి పంక్తిలో ఎడమ చేత్తో తినలేక, ఆకలి లేదని చెప్పి వచ్చేస్తున్నా. ఈ మాటంటే పిల్లోడు నవ్వి, 'గ్లౌజుకు తడి తగలకూడదు అంకుల్' అన్నాడు.

ఒప్పుకోలు పత్రం ఇంగ్లీషులో ఉంది. పేషెంటుకు అర్థమయ్యే భాషలో ఉండాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల్లోనే ఉంది. బస్సు చార్జీ ఇవ్వొచ్చనీ ఉంది, ఆ ఊసే లేదు. చివర్లో ఫారం, ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేయాలట. పెన్ను నా కుడిచేతి వైపు పెట్టారు.

అంతా తయారుచేసి, రంగేసి, పెట్టెలో సర్దాక నన్ను పిలిచి 'ఎలా ఉంది?' అంటే ఏం చెప్పాలి? ముందే అడిగుంటే నీకు ఆ గొట్టాలే ఉండేవి కాదు! నా చెయ్యి మీద చూడ్డానికొచ్చావు గానీ నా చేతినెప్పుడైనా చూశావా?

ఒక్కటి మాత్రం దాచను. మోటారు నిదానంగా తిరిగి వేళ్లు విచ్చుకున్నాయి. నా అరచెయ్యి నేను అంత సేపు చూసి ఏడాది దాటింది. గోళ్లు దిగబడిన గుర్తులు నాలుగు, ఎర్రగా. రోజూ ఆ వేళ్లు పెళ్లగించి కొబ్బరి నూనె రాసేది మా ఆవిడే. ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. సంచిలోంచి నెయిల్ కట్టర్ తీసి, గొట్టాల కొసల్లోంచి కనబడుతున్న గోళ్లు గబగబా కత్తిరించేసింది. పిల్లోడు ఆట ఆపి చూస్తుండిపోయాడు.

ఫారంలో దానికి గడి లేదు. మళ్లీ బుధవారం రమ్మన్నారు. వస్తాం. చార్జరు తెచ్చుకో.

ఇట్లు,
మూడో నంబరు పేషెంటు