గంటల లెక్క కాదు, గేముల డైరీ కావాలి

డిసెంబరు వచ్చిందంటే స్టీమ్, ప్లేస్టేషన్ వంటి గేమింగ్ వేదికలు ఆటగాళ్ల ఏడాది లెక్కను రంగురంగుల కార్డుగా తయారుచేసి చేతికిస్తాయి. ఏ గేమ్ ఎన్ని గంటలు ఆడారు, ఎన్ని ట్రోఫీలు గెలిచారు, ఏ నెలలో ఎక్కువ ఆడారు అన్న వివరాలన్నీ అందులో ఉంటాయి. చెన్నైలో పాత మహాబలిపురం రోడ్డు పొడవునా ఐటీ కొలువుల్లో ఉన్న తెలుగు యువతలో చాలామంది ఆ కార్డును వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకొని, తమ ఏడాది ఆటకు అదే రికార్డు అనుకుంటున్నారు. నిజానికి అది తన సరుకు ఎంత కదిలిందో చూసుకోవడానికి దుకాణదారుడు రాసుకునే ఖాతా మాత్రమే. వీడియో గేములను ఇష్టపడి ఆడేవారు తాము ఏమి ఆడారో, ఎలా ఆడారో, ఎందుకు మానేశారో తమ మాటల్లో డైరీ రాసుకోవాలి. వీలైతే తెలుగులో రాసుకోవాలి. గేములను కళగా గౌరవించాలని కోరేవారు ముందుగా చేయవలసిన పని ఇదేనని నా అభిప్రాయం.

కంపెనీ ఇచ్చే లెక్కలో ఉన్న లోపం అది తప్పుడు లెక్క కావడం కాదు. ఒక గేమ్ మీద నలభై గంటలు గడిచాయన్నది నిజమే కావచ్చు. ఆ నలభై గంటలు ఉద్యోగం పోయిన నెలలో గడిచాయా, కొత్తగా పెళ్లయిన జంట పక్కపక్కన కూర్చొని ఆడుకున్నారా, లేక గేమ్ తెరిచి ఉంచి నిద్రపోయారా అన్నది ఆ లెక్కకు తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ దానికి లేదు. పైగా ఆ లెక్క కూడా శాశ్వతం కాదు. ఆటగాళ్ల గంటలను లెక్కగట్టి చూపించిన ఎక్స్‌ఫైర్ 2015లో మూతపడింది, అదే పని చేసిన రాప్టర్ 2017 సెప్టెంబరు 30న ఆగిపోయింది. వాటి మీద భరోసా పెట్టుకున్నవారి ఏళ్ల తరబడి లెక్కలు వాటితోనే పోయాయి.

ఆటను రాసి ఉంచడం ఎంతటి పనో తెలుసుకోవడానికి చెన్నైలో ఉన్నవారు దూరం వెళ్లనక్కరలేదు. ఈ నగరంలో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టిన దొమ్మరాజు గుకేశ్ 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో డింగ్ లిరెన్‌ను ఓడించి, 18 ఏళ్ల వయసులో చదరంగ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఆ పోరులో చివరిదైన 14వ గేమ్‌లో, తెల్లపావులతో ఆడుతున్న డింగ్ 55వ ఎత్తుకు రూక్‌ను (ఏనుగును) ఎఫ్2 గడిలోకి తెచ్చి ఆటను చేజార్చుకున్నాడు. ఆ రోజు సింగపూర్‌లో లేనివారు కూడా, ఇంట్లో బల్ల మీద పావులు పేర్చుకొని, ఆ ఎత్తు దాకా ఆడుకుంటూ వెళ్లి, అక్కడ ఆగి ఆలోచించవచ్చు. మరో వందేళ్ల తరువాత పుట్టబోయేవారు కూడా అదే పని చేయవచ్చు. చదరంగానికి ఈ దీర్ఘాయువు పావుల వల్ల రాలేదు, రాత వల్ల వచ్చింది. ఆలోచించడానికి ఎక్కువ సమయం ఇచ్చే క్లాసికల్ పోటీల్లో ప్రతి ఆటగాడూ తన ఎత్తులనూ ఎదుటివాడి ఎత్తులనూ స్కోర్‌షీట్‌లో స్వయంగా రాసుకోవాలని ప్రపంచ చదరంగ సమాఖ్య నియమం చెబుతుంది. ఈ నగరంలో వారాంతపు పోటీకి వచ్చే ఏడేళ్ల పిల్లవాడు కూడా కాగితం మీద వంగి ఎత్తులు రాసుకుంటూనే ఆడతాడు.

చదరంగంలో రాత ఎత్తులతోనే ఆగలేదు. ఆట ముగిశాక ఆటగాడు కూర్చొని, ఈ ఎత్తు దగ్గర నేను ఇలా అనుకున్నాను, ఇక్కడ భయపడ్డాను, ఈ దారిని అసలు చూడనే లేదు అని వ్యాఖ్యానం రాస్తాడు. తరువాతి తరాలు నేర్చుకున్నది ఎత్తుల పట్టిక నుంచి ఎంతో, ఆ వ్యాఖ్యానాల నుంచి అంతకన్నా ఎక్కువ. వీడియో గేములకు ఈ రెండూ లేవు. చదరంగంలో ఇద్దరికీ కలిపి ఉండేవి 32 పావులు, 64 గడులు. ఆటగాడు తన ఇష్టం వచ్చిన దారిలో తిరగగలిగే నేటి ఓపెన్ వరల్డ్ గేమ్‌లో ఒకరు నడిచిన దారిలో మరొకరు నడవరు, ఒకరు చంపిన పాత్రను మరొకరు కాపాడతారు, ఒకరు ప్రధాన కథను వదిలేసి చేపలు పట్టుకుంటూ కూర్చుంటారు. అంటే రాత అవసరం చదరంగంలో కన్నా ఇక్కడ ఎన్నో రెట్లు ఎక్కువ. అయినా ఇక్కడ రాసేవారు కనిపించరు. యూట్యూబ్‌లో రికార్డింగులు ఉన్నాయి కదా అంటారు. రికార్డింగ్‌లో చేతి కదలిక కనిపిస్తుంది గానీ ఆటగాడు ఏమనుకున్నాడో కనిపించదు. పైగా కెమెరా ముందు ఆడేవాడు తన కోసం కాక చూసేవారి కోసం ఆడతాడు. ఆడిన ఆటను మళ్లీ చూపించే రీప్లే ఫైళ్లు కూడా చాలా గేముల్లో వెర్షన్ మారగానే పనికిరాకుండా పోతాయి. కనుక ఆటగాడు పడుకోబోయే ముందు రాసుకున్న నాలుగు వాక్యాలే వీడియో గేముకు స్కోర్‌షీట్, అవే వ్యాఖ్యానం.

గేములే మాయమైపోతున్న కాలంలో ఈ వాదనకు బలం మరింత పెరుగుతుంది. సోనీ సంస్థ 2024 ఆగస్టు 23న విడుదల చేసిన కాంకార్డ్ అనే గేమ్ సెప్టెంబరు 6న, అంటే రెండు వారాలకే, ఆగిపోయింది. యూబిసాఫ్ట్ సంస్థ 2014లో విడుదల చేసిన ది క్రూ అనే గేమ్ సర్వర్లను 2024 మార్చి 31న నిలిపివేయడంతో, డబ్బు పెట్టి కొన్నవారి దగ్గర కూడా అది తెరుచుకోకుండా పోయింది. 2010కి ముందు అమెరికాలో విడుదలైన పాత గేముల్లో 87 శాతం ఇప్పుడు కొందామన్నా మార్కెట్లో దొరకవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తేల్చింది. డిజిటల్ దుకాణాలు అమ్ముతున్నది గేమును కాదు, దాన్ని వాడుకునే లైసెన్సు మాత్రమేనని కొనేవారికి స్పష్టంగా చెప్పాలని కాలిఫోర్నియా చేసిన చట్టం 2025 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. గేము మన సొత్తు కాదని ఇప్పుడు చట్టమే చెప్పిస్తోంది. ఆడిన అనుభవం ఒక్కటే మన సొత్తు. దాన్ని కూడా రాసుకోకపోతే చివరకు చేతిలో మిగిలేది బిల్లు.

మన దగ్గరి ఉదాహరణ పబ్జీ. కేంద్ర ప్రభుత్వం 2020 సెప్టెంబరు 2న నిషేధించింది, అక్టోబరు 30న దేశంలో సేవలు పూర్తిగా ఆగిపోయాయి, మరుసటి ఏడాది జులైలో అదే ఆట బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) పేరుతో తిరిగి వచ్చింది. పాత ఖాతాలను, కొనుక్కున్న దుస్తులను, తుపాకుల రంగులను కొత్త ఆటలోకి మార్చుకునే వీలు కంపెనీ కల్పించింది. అయితే లాక్‌డౌన్ నెలల్లో ఆ ఆట తెలుగు కుర్రకారుకు చేసిపెట్టిన పనిని ఏ ఖాతాలోకీ ఎవరూ మార్చలేరు. చెన్నై హాస్టళ్లు ఖాళీ చేసి నెల్లూరుకు, తిరుపతికి, ఖమ్మానికి, శ్రీకాకుళానికి వెళ్లిపోయిన మిత్రులు సాయంత్రం కాగానే మళ్లీ కలుసుకున్న చోటు ఆ ఆట మ్యాప్‌లోని పోచింకి అనే ఊరు. అక్కడ దిగుదామా, స్కూల్ దగ్గర దిగుదామా అన్న వాదులాట మధ్యలోనే ఎవరి ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చింది, ఎవరి ఆఫర్ లెటర్ వెనక్కి పోయింది అన్న మాటలూ దొర్లాయి. మహమ్మారి కాలపు తెలుగు జీవితం గురించి ఇంతకన్నా మంచి ఆధారం చరిత్రకారుడికి ఎక్కడ దొరుకుతుంది? కానీ దానికి రాత లేదు. గెలిచినప్పుడు తెరమీద వచ్చే చికెన్ డిన్నర్ స్క్రీన్‌షాట్లు మాత్రం పాత ఫోన్లలో ఉన్నాయి.

డైరీ వద్దనేవారి మాట కూడా వినవలసిందే. రోజంతా ఆఫీసులో టైమ్‌షీట్ నింపి వచ్చినవాడికి ఆటలోనూ రాతపని తగిలిస్తే ఆట రుచి పోతుందని, రేపు ఏమి రాయాలన్న ఆలోచనతో ఆడడం మొదలవుతుందని వారు అంటారు. పెద్దవాళ్లయితే, ఆడడమే దండగ, దానికి రాత కూడానా అని ఒక్క మాటలో తీసిపారేస్తారు. మొదటి అభ్యంతరంలో కొంత నిజం ఉంది గానీ, అది మార్కులు వేసి పట్టికలు నింపే డైరీకే వర్తిస్తుంది. రెండో అభ్యంతరానికి అసలు డైరీయే జవాబు. 2022లో మళ్లీ ఆగిన బీజీఎంఐ 2023లో తిరిగి వచ్చినప్పుడు 18 ఏళ్లలోపువారికి రోజుకు 3 గంటలు, మిగిలినవారికి 6 గంటలు అన్న పరిమితి పెట్టారు. గడియారంతో పెట్టిన అటువంటి కట్టడి కన్నా, ఈ రోజు ఎందుకు ఆడాను అన్న ప్రశ్నకు తన చేతితో తాను రాసుకున్న జవాబు మనిషిని ఎక్కువగా నిలదీస్తుంది. (పందెం కాసే రమ్మీ యాప్‌లను ఈ చర్చలోకి లాగవద్దని మనవి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025 ఆగస్టులో పార్లమెంటు నిషేధించింది, ఆ కథ వేరు.)

డైరీలో ఏమి రాయాలన్నది ఎవరి ఇష్టం వారిది, కొన్ని మాత్రం వదలకూడదు. తేదీ, గేము పేరు, ఏ పరికరం మీద ఆడారు, ఎవరితో ఆడారు అన్నవి తప్పనిసరి, ఎందుకంటే పదేళ్ల తరువాత ముందుగా మరచిపోయేవి అవే. నా దృష్టిలో అన్నింటికన్నా విలువైనది మధ్యలో వదిలేసిన గేము గురించి రాసుకున్న పేజీ. పూర్తిచేసిన గేము గురించి లోకం ఎలాగూ మాట్లాడుతుంది, సమీక్షలు వస్తాయి, ట్రోఫీ గుర్తు ఉంటుంది. సగంలో వదిలేసిన గేము గురించి మాత్రం ఆ వదిలేసినవాడు తప్ప మరెవరూ చెప్పలేరు. కథ నచ్చక వదిలారా, ఒక బాస్ (లెవెల్ చివర వచ్చే పెద్ద శత్రువు) దగ్గర ఓడి ఓడి విసిగి వదిలారా, బిడ్డ పుట్టడంతో వదిలారా, ఫోన్‌లో జాగా చాలక తీసేశారా అన్నది మనిషి గురించి ఎంత చెబుతుందో గేము గురించీ అంతే చెబుతుంది. మన ఇళ్లలో పిల్లలు క్యాసెట్ వీడియో గేముల మీద కాంట్రా, మారియో ఆడిన రోజుల్లో సేవ్ చేసుకునే వీలే లేదు. కరెంటు పోతే మళ్లీ మొదటి లెవెల్ నుంచే. ఒకే రిమోట్ కోసం నలుగురు వంతులు వేసుకొని, ఒక లైఫ్ పోగానే చేయి మార్చుకొని ఆడిన ఆ ఆట ఈ రోజు పాత గేములను కంప్యూటర్‌లో నడిపించే ఎమ్యులేటర్‌లో భద్రంగానే నడుస్తుంది. ఆ వంతుల పద్ధతి, ఆ తగవులు, మధ్యాహ్నం కరెంటు కోతకు ముందే ఆరో లెవెల్ దాటాలన్న తొందర ఆ ఫైల్‌లో లేవు.

ఇక్కడ నాకున్న పెద్ద ఫిర్యాదు చెప్పక తప్పదు. తెలుగువారు తమ మామూలు రోజులను రాసిపెట్టుకోరు. పండుగలకు, ఉద్యమాలకు, నాయకులకు రాత ఉంది గానీ, పనయ్యాక ఇంటికి వచ్చి ఏమి చేసి సంతోషించారన్నదానికి లేదు. ఈ అలవాటు వల్ల ఏమి పోతుందో చెన్నై నగరమే చెబుతుంది. తమిళ, తెలుగు మాటలు రెండూ వినిపించిన కాళిదాస్ 1931 అక్టోబరు 31న ఇక్కడి కినిమా సెంట్రల్‌లో విడుదలైంది. ఆ చిత్రం ప్రింట్ ఎక్కడా లేదు. ఆ సినిమా గురించి ఈ రోజు ఏమైనా తెలుస్తోందంటే అది ఆనాటి పత్రికల రాతల వల్లనే. ఆ హాలులో కూర్చొని తెరమీద తెలుగు మాట విన్న ప్రేక్షకుడు ఆ రాత్రి ఇంటికి వెళ్లి పది వాక్యాలు రాసి ఉంటే, ఆ పది వాక్యాలకు ఈ రోజు ఎంత విలువ ఉండేదో ఊహించుకోవచ్చు. వీడియో గేముల విషయంలో మనం ఇప్పుడు సరిగ్గా ఆ ప్రేక్షకుడి స్థానంలో ఉన్నాం.

తమిళులు ఈ విషయంలో కొంత ముందున్నారని ఒప్పుకోవాలి. ఐటీ కారిడార్ మొదలయ్యే తరమణిలోనే, టైడెల్ పార్క్‌కు కూతవేటు దూరంలో, రోజా ముత్తయ్య పరిశోధన గ్రంథాలయం ఉంది. కోట్టయ్యూరుకు చెందిన ఒక వ్యక్తి సొంత ఆసక్తితో సేకరించిన పుస్తకాలతో పాటు, ఎవరూ విలువైనవిగా చూడని పాటల పుస్తకాలు, నోటీసులు కూడా అక్కడ పరిశోధకులకు ఆధారాలయ్యాయి. ఆ గ్రంథాలయం ముందు నుంచి రోజూ క్యాబ్‌లలో వెళ్లే తెలుగు ఉద్యోగుల గేమ్ డైరీలు రేపు అటువంటి చోటికి చేరితే, 2020ల నాటి వలస జీవితం మీద అవి ఏ సర్వే చెప్పలేని విషయాలు చెబుతాయి.

తెలుగువారికి ఈ పని బొత్తిగా కొత్తదేమీ కాదు. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా (అనువాదకుడిగా) పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో ఇక్కడి నుంచే కాశీకి బయలుదేరి, దారి పొడవునా ఏ ఊరిలో దిగాడు, అక్కడ బస ఎలా ఉంది, దారి ఇసుకా రాళ్లా, ఏ సరుకు దొరికింది, ఏది దొరకలేదు అని రోజువారీగా రాసుకుంటూ పోయాడు. రాజుల గురించి కన్నా రోడ్ల గురించి ఎక్కువ పట్టించుకున్న ఆ రాతే ఈ రోజు ఆనాటి దక్షిణాదిని చూపించే కిటికీ. పుస్తకం వేయాలన్న ఆలోచనతో డైరీ మొదలుపెట్టనక్కరలేదు, పరాయివారు చదువుతారేమోనని జంకనూ అక్కరలేదు. రెండు రూపాయల పెన్నుతో నోటుపుస్తకంలో రాసి, ఒకప్పుడు జట్టులో కలిసి ఆడి ఇప్పుడు విజయవాడలోనో డల్లాస్‌లోనో ఉంటున్న స్నేహితుడికి నెలకోసారి ఫొటో తీసి పంపినా చాలు. వీరాస్వామయ్య కూడా తన రోజువారీ రాతలను కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లై అనే మిత్రుడు అడిగినందుకు అతనికి పంపుతూ వచ్చాడు. 1838లో వాటిని అచ్చు వేయించింది ఆ మిత్రుడే.