తెర మీది అంకె ఎక్కడి నుంచి కొలిచింది?

అద్దెకు తీసుకున్న తెరచాప పడవ ఒకటి ఇసుక మేట మీద కూర్చుండిపోయినప్పుడు నేనూ అందులో ఉన్నాను. పెద్ద ప్రమాదమేమీ కాదు. నెమ్మదిగా వెళుతున్నాం, కింద మెత్తటి ఇసుక, పైగా పోటు మొదలయ్యే వేళ. రెండు గంటలు ఓపిక పడితే నీళ్లే మమ్మల్ని పైకి లేపి పంపించాయి. ఆ రెండు గంటలూ మా చూపంతా నీటి లోతు కొలిచే డెప్త్ ఫైండర్ మీదే. అది 1.1 మీటర్లు అని నిబ్బరంగా చూపిస్తూనే ఉంది. నేల తగిలిన పడవ కింద మీటరు పైన నీళ్లెలా ఉంటాయని ఒకరు, యంత్రం పాడైందని ఇంకొకరు. యంత్రం పాడవలేదు, ఉన్నమాటే చెప్పింది. ఎక్కడి నుంచి కొలిచి చెబుతోందో మేమే అడగలేదు.

సరదాకి పడవ కొనుక్కున్నవాళ్లు డెప్త్ ఫైండర్ దగ్గరికొచ్చేసరికి తెర ఎన్ని అంగుళాలు, రంగులెలా ఉన్నాయి, ఎన్ని వాట్లు అని చూస్తారు. నన్నడిగితే ఆ వరస తలకిందులు. ముందు చూడాల్సింది నీళ్లలో ఉండే ముక్కని, తర్వాత దాన్ని బిగించే చోటుని, ఆ తర్వాత సెట్టింగుల్లో వేసే ఒక చిన్న అంకెని. తెర సంగతి ఆఖరున చూసుకోవచ్చు.

ఆ నీళ్లలో ఉండే ముక్క పేరు ట్రాన్స్‌డ్యూసర్. లోయ అంచున నిలబడి కేకేసి, అది తిరిగొచ్చేదాకా లెక్కపెట్టడం ఎలాంటిదో ఇది చేసే పనీ అలాంటిదే. నీళ్లలో శబ్దం సెకనుకు సుమారు 1500 మీటర్లు పోతుంది. మూడు మీటర్ల లోతుకి పోయి రావడానికి 4 మిల్లీసెకన్లు చాలు. ఆ కాలాన్ని వేగంతో గుణించి సగం చేస్తే లోతు. చల్లటి మంచినీళ్లలో శబ్దం కొంచెం నెమ్మదిస్తుంది, సెకనుకు 1420 మీటర్ల దాకా తగ్గవచ్చు. యంత్రం 1500 అనుకునే లెక్క కడితే, ఉన్న లోతు కంటే అయిదు శాతానికి పైగా ఎక్కువ చూపిస్తుంది. రెండు మీటర్ల నీళ్లలో ఆ తేడా 11 సెంటీమీటర్లు. దీని గురించి నిద్ర మానుకోనక్కర్లేదు గానీ, తెర మీద కనిపించే దశాంశ స్థానాన్ని దేవుడి మాటగా తీసుకోకూడదని తెలుస్తుంది.

మన భాషలో లోతుకి నిలువులు, తాడుకి బారలు కొలతలు. చాపిన రెండు చేతుల పొడవు బార. ఇంగ్లీషు నావికుల ఫాదమ్ కూడా సరిగ్గా అదే, ఆరు అడుగులు. సీసపు గుండు కట్టిన తాడుని నీళ్లలోకి వదిలి, పైకి లాగుతూ చేతులతో కొలిచేవాళ్లు. గుండు అడుగున చిన్న గుంట పెట్టి అందులో కొవ్వు నింపేవాళ్లు. దానికి అంటుకొచ్చిన ఇసుకో బురదో చూసి, కింద నేల ఎలాంటిదో, లంగరు పట్టుతుందో లేదో చెప్పేవాళ్లు. శబ్దంతో కొలవడం గత శతాబ్దపు పని. టైటానిక్ మునిగిన మరుసటి ఏడాది, 1913లో, జర్మనీకి చెందిన అలెగ్జాండర్ బేమ్ దీని మీద పేటెంట్ తీసుకున్నాడు. 1914లో ఇంజనీరు రెజినాల్డ్ ఫెసెండెన్ మంచుకొండ నుంచీ సముద్రపు నేల నుంచీ ప్రతిధ్వని పట్టి చూపించాడు. 1948లో జపాన్‌లో ఫురునో సోదరులు చేపల పడవల కోసం దీన్ని పనికొచ్చే సరుకుగా మార్చారు. ఇప్పుడది అరచేతిలో ఇమిడే డబ్బా అయింది. తాడుకి ఉన్న ఒక సుగుణం మాత్రం ఈ డబ్బాకి రాలేదు. తాడు వేసినవాడికి కొలత ఎక్కడ మొదలైందో తెలుసు, తన చెయ్యే ఆ మొదలు.

మా ఇసుక మేట లెక్క ఇదీ. ఆ పడవకి ట్రాన్స్‌డ్యూసర్ నీటి మట్టానికి 0.4 మీటర్ల కింద ఉంది. పడవ అడుగున వెన్నులా దిగే కీల్ చివర 1.5 మీటర్ల కింద ఉంది. యంత్రం తన ముఖం దగ్గర్నుంచి నేల దాకా కొలిచి 1.1 అంది. దానికి 0.4 కలిపితే నీళ్ల అసలు లోతు 1.5, అంటే కీల్ నేలకి ఆనింది. ఈ కూడికలు, తీసివేతలు మనం చెయ్యక్కర్లేకుండా యంత్రంలోనే ఆఫ్‌సెట్ అని ఒక సెట్టింగు ఉంటుంది. దాంట్లో +0.4 వేస్తే నీటి మట్టం నుంచి లోతు చూపిస్తుంది. −1.1 వేస్తే కీల్ కింద ఎన్ని నీళ్లున్నాయో చూపిస్తుంది. ఏదీ వెయ్యకపోతే పడవ పొట్టలో ఎవరికీ కనిపించని ఒక బిందువు నుంచి చూపిస్తుంది. మా పడవలో జరిగింది ఈ మూడోది.

నీటి మట్టం నుంచా, కీల్ నుంచా, ఏది మంచిదన్నది పడవలవాళ్ల మధ్య తెగని వాదన. కీల్ నుంచి చూపించమనేవాళ్ల మాట తేలిక: సున్నా వస్తే నేల తగిలినట్టే, బుర్రకి పని లేదు. నేను నీటి మట్టం వైపు. చార్టు (సముద్రపు పటం) మీది లోతుతో సరిపోల్చాలన్నా, లంగరు తాడు లెక్కించాలన్నా కావాల్సింది అదే. ఇంకో కారణం మనుషుల గుణం. కీల్ నుంచి పెట్టుకున్నవాళ్లు అక్కడితో ఊరుకోరు. ‘ఎందుకైనా మంచిది’ అని ఇంకో 20 సెంటీమీటర్లు కలుపుతారు. తర్వాత నడిపేవాడు ఆ విషయం తెలియక తన వంతు ఇంకొంత కలుపుకుంటాడు. ఒకరోజు తెర సున్నా చూపించినా పడవ హాయిగా తేలుతుంది. ఆ క్షణం నుంచి ఆ పడవలో ఎవరూ సున్నాని నమ్మరు. నీటి మట్టం నుంచి పెట్టుకుని, ‘ఈ పడవ 1.5 మీటర్లు మునుగుతుంది’ అని తెర పక్కన ఒక స్టిక్కర్ అంటిస్తే ఈ గొడవ ఉండదు. ఆ 1.5 కూడా కంపెనీ కాగితం చూసి రాసింది కాకూడదు. ట్యాంకులు నింపి, సామాను ఎక్కించి, మనుషులు కూర్చున్నాక పడవ ఇంకాస్త దిగుతుంది.

సరిచూసుకోవడం అరగంట పని. పడవ కట్టి ఉన్నప్పుడు, ట్రాన్స్‌డ్యూసర్ ఉన్న చోటికి పక్కగా, బరువు కట్టిన టేపుని కిందికి వదలండి. నీటి మట్టం దగ్గర ఎంతుందో చూసి తెరతో పోల్చండి. అడుగున మెత్తటి బురదైతే టేపు బరువు అందులోకి కొంత దిగుతుంది, యంత్రం బురద పైభాగాన్ని చూపిస్తుంది. అందుకని గట్టి నేల ఉన్న చోటే చూడాలి.

ఇక కొనడం. వాట్ల దగ్గర ఒక మాయ ఉంది. కొన్ని డబ్బాల మీద 4000 వాట్లు అని ఉంటుంది, పక్కన అదే పని చేసే ఇంకోదాని మీద 500 వాట్లు. మొదటిది అల కొన నుంచి కొనకి కొలిచే పీక్-టు-పీక్ లెక్క, రెండోది ఒక రకం సగటు తీసే ఆర్‌ఎమ్‌ఎస్ లెక్క. మొదటిదాన్ని 8తో భాగిస్తే రెండోది వస్తుంది. అంటే ఆ రెండూ ఒకటే. అయినా పది, ఇరవై మీటర్ల నీళ్లలో తిరిగే పడవకి లోతు తెలుసుకోవడానికి వాట్ల పోటీ అక్కర్లేదు. ఫ్రీక్వెన్సీ సంగతీ అంతే. 200 కిలోహెర్ట్జ్ తక్కువ లోతులో స్పష్టంగా ఉంటుంది, 50 కిలోహెర్ట్జ్ బాగా లోతుకి పోతుంది. తీరం దగ్గర్లో తిరిగేవాళ్లకి మొదటిది చాలు. ఒకదానికి బదులు వరసగా ఎన్నో ఫ్రీక్వెన్సీల్లో శబ్దం పంపే చర్ప్ పక్కపక్కనే ఉన్న చేపల్ని విడదీసి చూపించడానికి పనికొస్తుంది, పడవకి పక్కలకి చూసే సైడ్ స్కాన్ బొమ్మలు చూడటానికి ముచ్చటగా ఉంటాయి. నేల తగలకుండా తిరగడానికి ఈ రెండూ అవసరం లేదు. లోతు ఒక్కటే కావాలంటే అంకెలు మాత్రమే చూపించే పరికరం కొనమంటాను. ఎండలో కూడా పెద్దగా కనిపించే అంకె, వినిపించే అలారం, మార్చుకోగల ఆఫ్‌సెట్ ఉంటే అందులో లోటేమీ లేదు.

చేపల్నీ నేలనీ బొమ్మగా చూపించే ఫిష్ ఫైండర్ కొంటే లాభం లేదని కాదు. గట్టి నేల మందంగా, ప్రకాశంగా గీత వేస్తుంది. ఒక్కోసారి దాని కింద రెట్టింపు లోతులో రెండో గీత కూడా కనబడుతుంది. నేలని తగిలిన శబ్దం నీటి ఉపరితలం నుంచి మళ్లీ కిందికి పోయి వచ్చిందన్నమాట. మెత్తటి బురద గీత పలచగా ఉంటుంది. పాతకాలపు కొవ్వు గుంట చేసిన పనిలో సగం ఈ గీత చేస్తుంది. ఒక చిక్కేంటంటే, ఆ తెరని కొత్తవాళ్లు పడవ కింది దృశ్యం అనుకుంటారు. అది దృశ్యం కాదు, ఈసీజీ లాంటి రికార్డు. కుడి అంచున ఉన్న సన్నని గీత మాత్రమే ఈ క్షణం, మిగతాదంతా గడిచిపోయింది. లంగరేసిన పడవలో కూడా తెర జరుగుతూనే ఉంటుంది. కింద ఒకే చేప కదలకుండా నిలబడితే అది పాములా పొడవుగా కనిపిస్తుంది.

ఎంత మంచిది కొన్నా బిగించే చోటు తప్పితే వృథా. దీని శత్రువు గాలి బుడగ. శబ్దానికి గాలి గోడ లాంటిది. పడవ వెనక అంచుకి బిగించే రకమైతే ప్రొపెల్లర్ చిమ్మే నురగకి దూరంగా, అడుగున పట్టీలూ రంధ్రాలూ లేని చోట, నీరు సాఫీగా పారే చోట పెట్టాలి. అడుగుకి రంధ్రం చేసి పెట్టే రకం అన్నిటికంటే బాగా వింటుంది. కానీ అల్యూమినియం, ఉక్కు పడవలకి కంచు ట్రాన్స్‌డ్యూసర్ వెయ్యకూడదు, ఉప్పునీళ్లలో రెండు లోహాలు కలిస్తే పడవ లోహాన్ని తుప్పు తినేస్తుంది. చెక్క పడవకి ప్లాస్టిక్‌ది వద్దు, చెక్క ఉబ్బితే అది పగులుతుంది. రంధ్రం చెయ్యడానికి మనసొప్పనివాళ్లకి లోపలి నుంచి ఎపాక్సీతో అతికించే రకం ఉంది. అది ఫైబర్‌గ్లాస్ ఒకే గట్టి పొరగా ఉన్న చోట మాత్రమే పని చేస్తుంది. పొరల మధ్య ఫోమో బాల్సా చెక్కో ఉంటే శబ్దం దాటదు. జిగురులో గాలి బుడగ చిక్కుకున్నా అంతే. నిలకడగా ఉన్నప్పుడు చక్కగా పని చేసి, వేగం పెంచగానే అంకె మాయమైందంటే దుకాణానికి తీసుకెళ్లి గొడవపడకండి. ముందు ట్రాన్స్‌డ్యూసర్‌ని ఇంకో చోటికి మార్చి చూడండి. సీజన్ మధ్యలో దాని ముఖానికి పట్టిన నాచుని, గవ్వ పురుగుల్ని మెత్తటి గుడ్డతో తుడవండి. ప్లాస్టిక్ ముఖానికి ఘాటైన ద్రావకాలున్న రంగు పూస్తే పాడవుతుంది.

వాడటంలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇది ముందుకి చూడదని గుర్తుంచుకోవడం. 20 నాట్ల వేగంలో పడవ సెకనుకి పది మీటర్లు పోతుంది. అలారం మోగి, మనం తలెత్తి, చెయ్యి వేగం తగ్గించే థ్రాటిల్ మీదికి పోయేసరికి ముప్పై మీటర్లు దాటేసి ఉంటాం. అందుకే ఒక్క అంకెని కాదు, అంకెలు పోతున్న తీరుని చూడాలి. 8, 7, 6, 5 అని దిగుతుంటే నేల ఎగువకి వస్తోంది, అలారం కోసం ఆగక్కర్లేదు. 5, 5, 2, 5 అంటే చాలావరకు చేపలో నాచో. నిటారుగా లేచిన బండ దగ్గర ఈ ఉపాయం పని చెయ్యదు, అక్కడ చార్టే దిక్కు.

శబ్దం టార్చిలైటులా విచ్చుకుంటూ పోతుంది. 20 డిగ్రీల కిరణం పది మీటర్ల లోతులో మూడున్నర మీటర్ల వెడల్పు వలయాన్ని తాకుతుంది. ఆ వలయంలో మెరక ఉంటే సాధారణంగా దాని ప్రతిధ్వనే ముందొస్తుంది. కాబట్టి వాలు మీద యంత్రం ఉన్న లోతు కంటే తక్కువ చూపిస్తుంది. ఈ పొరపాటు మనకి మేలు చేసేదే. మరీ తక్కువ లోతులో మాత్రం అలా కాదు. గంట కొట్టాక కాసేపు మోగుతూ ఉన్నట్టు ట్రాన్స్‌డ్యూసర్ కూడా తన కేక తర్వాత కొద్దిసేపు కంపిస్తుంది. ఆలోగా వచ్చిన ప్రతిధ్వని దానికి వినబడదు. అప్పుడు చుక్కలో, ఆగిపోయిన పాత అంకో, రెట్టింపు అంకో వస్తుంది. బాగా లోతుకి పోయినా ఇలాంటి తమాషాయే. నేల అందక, దగ్గర్లోని బుడగల్ని పట్టుకుని 1.8 అని మెరుస్తుంది. నడిసముద్రంలో ఆ అంకె చూసి టెన్షన్ పడనివాళ్లు తక్కువ.

అలారం గురించి ఒక ఫిర్యాదు. దాన్ని ఒకసారి పెట్టి వదిలేస్తారు. పోటు, ఆటు, వెళ్లే చోటు రోజుకోలా ఉంటే అలారం ఒకే అంకె మీద ఉంటే ఎలా? లోతైన చోట్లకి పెట్టింది రేవు దగ్గర ఊరికే అరుస్తుంది. అరుస్తోందని నొక్కేస్తారు. నొక్కేసిన అలారం ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. బయల్దేరే ముందు ఆ రోజుకి తగ్గట్టు మార్చుకోవడానికి పది సెకన్లు పడుతుంది.

చార్టుతో పోల్చేటప్పుడు కూడా అదే ప్రశ్న, ఎక్కడి నుంచి? సముద్రపు చార్టుల్లో లోతుని సాధారణంగా ఆటు బాగా దిగినప్పటి మట్టం నుంచి ఇస్తారు. దానికి ఆ వేళకి ఉన్న పోటు ఎత్తు కలిపితే, నీటి మట్టం నుంచి కొలిచే యంత్రంతో సరిపోవాలి. సరిపోలేదంటే మనం అనుకున్న చోట లేమని, లేదా ఇసుక కదిలిందని. జీపీఎస్ ఉన్న కాలంలో కూడా ఈ చిన్న కూడిక నాకు బాగా నచ్చుతుంది. రెండు వేర్వేరు సాక్షులు ఒకే మాట చెప్పినట్టుంటుంది.

నేను నీటి మట్టం పక్షం ఎందుకు పట్టానో లంగరు వేసేటప్పుడు బాగా తెలుస్తుంది. నీళ్లు మూడు మీటర్లు, పడవ ముక్కు నీటి మీద ఒక మీటరు ఎత్తు, రాత్రికి పోటు ఇంకో రెండు మీటర్లు వస్తుందనుకోండి. మొత్తం ఆరు. అయిదు రెట్లు వదలాలన్న లెక్కన 30 మీటర్ల తాడు కావాలి. అదే పడవలో తెర కీల్ నుంచి కొలిచి 1.5 చూపిస్తుంటే, అలసిపోయిన మనిషి దాన్నే అయిదుతో గుణించి ఏడున్నర మీటర్లు వదిలి పడుకుంటాడు. అర్ధరాత్రి పోటు వచ్చేసరికి ఆ లంగరు నేలని పట్టుకుని ఉండదు, పడవతోపాటు తిరుగుతూ ఉంటుంది.