పాచికలకు చెవుల్లేవు

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో ఏళ్ల తరబడి సాగుతున్న ఒక ఘోర అన్యాయం గురించి ఎవరూ నోరు మెదపడం లేదు. ఎవరో ఒకరు పూనుకోవాలి కాబట్టి నేను పూనుకుంటున్నాను.

ఆట తెలియని వాళ్లకి రెండు ముక్కలు. టేబుల్ చుట్టూ కూర్చుంటాం. ఒకరు డంజన్ మాస్టర్. ఆయన గుహ అంటే గుహ, గోబ్లిన్ (మరుగుజ్జు రాక్షసి) అంటే గోబ్లిన్. మిగతావాళ్లం తలా ఒక పాత్ర తీసుకుని, అది ఏం చేస్తుందో నోటితో చెప్తాం. చెప్పింది జరిగిందో లేదో 20 ముఖాల డైస్ తేలుస్తుంది. నా గొడవంతా ఆ నోటితో చెప్పడం దగ్గరే.

నా పాత్ర రుద్రసేనుడు. పదకొండు పేజీల పూర్వకథ ఉంది. డంజన్ మాస్టర్ చదివానన్నాడు, చదవలేదు. మా బావమరిది పాత్ర ఫైటర్. పేరేంట్రా అంటే "ఫైటరే బావా" అన్నాడు.

పోయిన శనివారం గుహలో గోబ్లిన్ ఎదురైంది. నా వంతు వచ్చింది. చేతిలో చేగోడీ పక్కన పెట్టి లేచి నిలబడ్డాను. "తడి గోడకి వీపు ఆనించి, తండ్రిగారి ఆఖరి మాట తలచుకుని, ఎడమచేత్తో ఉత్తరీయం వెనక్కి తోసి, సర్రున ఖడ్గం దూసి, రుద్రసేనుల వారు ముందుకు దూకుతున్నారు..."

"ఒక్క నిమిషం సార్," అన్నాడు డంజన్ మాస్టర్. "ఎంతమంది దూకుతున్నారు?"

గౌరవవాచకం అని వ్యాకరణం వివరించేసరికి ఆ నిమిషం కాస్తా అయిపోయింది. తీరా "నరికేశారు" అని ముగించబోతే మళ్లీ అడ్డు. ఇంకా డైస్ వెయ్యలేదు కాబట్టి "నరకబోతున్నారు" అనాలట. భూతకాలం మొత్తం ఆయన స్వాధీనంలో ఉంది.

వేశాను. డైస్ దొర్లి, చేగోడీల ప్లేటుకి తగిలి, కాసేపు ఊగి, 2 మీద ఆగింది.

"తగల్లేదు. నెక్స్ట్?"

అంతే! తండ్రిగారి ఆఖరి మాట ఏమిటని కూడా ఎవరూ అడగలేదు. బావమరిది ఫోన్లోంచి తలెత్తకుండా "కొడతా" అన్నాడు. వాడికి ఏం పడిందో తర్వాత చెప్తాను. ముందు ఈ పాపం ఎక్కడ మొదలైందో చూద్దాం.

1974లో అమెరికాలో ఈ ఆట తెచ్చిన గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఇద్దరూ బొమ్మ సైనికులతో యుద్ధాలాడే బాపతు. ఆ ఆటల్లో ఎన్ని బొమ్మలు పడ్డాయన్నదే లెక్క. బొమ్మ ఏమనుకుంటూ పడిందో ఎవడిక్కావాలి? ఆ బుద్ధి డైస్‌కి ఇంకా పోలేదు. పోనీ ఈ ఆట పాత అడ్వాన్స్‌డ్ రూల్స్‌లో ఒక రౌండ్, అంటే అందరి వంతూ ఒకసారి తిరగడం, కథలో ఒక నిమిషం. 2000లో మూడో ఎడిషన్ వచ్చి దాన్ని 6 సెకన్లకి కోసేసింది. 6 సెకన్లలో ఉత్తరీయం కూడా సర్దుకోలేం. మన పద్యనాటకాల్లో కృష్ణుడు ఒక్క రాగం ఎత్తుకుంటే కౌరవులంతా కదలకుండా నిలబడి వినేవాళ్లు. జనం వన్స్‌మోర్ అంటే మళ్లీ మొదట్నుంచీ విన్నారు. గోబ్లిన్లకి ఆ సంస్కారం లేదు.

2001లో వచ్చిన ఎగ్జాల్టెడ్ అనే ఆటలో వర్ణన బాగుంటే ఒకటి నుంచి మూడు డైస్‌లు అదనంగా ఇస్తారు. నాగరికత అంటే అదీ. ఈ సంగతి మా డంజన్ మాస్టర్ చెవిన వేస్తే "బాగుంటే కదా సార్" అన్నాడు. కుర్రాడు, పోనీలే.

సర్వనామాల దౌర్భాగ్యం ఇంకోటి. దెబ్బ తగిలితే ప్రతివాడూ "కొట్టా, చూశావా!" అంటాడు. తప్పితే "మావాడు తడబడ్డాడు" అంటాడు. పాత్రకీ ఆటగాడికీ చుట్టరికం ఏమిటో డైస్ ఆగేదాకా తేలదు. నేను ఆ రకం కాదు. మొన్న గురి తప్పింది మాత్రం నిజంగానే రుద్రసేనుల వారికి.

బావమరిదికి 20 పడింది. దెబ్బ ఎంతో తేల్చే డైస్‌లు రెట్టింపు. ఉన్నవే 7 హిట్ పాయింట్లు (ప్రాణం లెక్క), గోబ్లిన్ అక్కడికక్కడే పోయింది. ఇలాంటప్పుడు ఆటగాణ్ణే అడగడం మా దగ్గర ఆనవాయితీ.

"ఎలా చంపావో నువ్వే చెప్పు," అన్నాడు డంజన్ మాస్టర్.

అందరూ వాడి వైపు తిరిగారు. నేను పక్కనుంచి "తడి గోడ... తడి గోడ..." అని అందిస్తూనే ఉన్నాను. వాడు ఫోన్ బోర్లించాడు. కళ్లు మూసుకుని ఆలోచించాడు.

"కత్తితో," అన్నాడు.

చప్పట్లు మారుమోగాయి. ఎవరో "వన్స్‌మోర్" అని కేక పెట్టారు. వాడు మళ్లీ చెప్పాడు.