అప్పు రేపు, వసూలు ఎల్లుండి

మన ఊళ్లలో కిరాణా దుకాణం గల్లాపెట్టె వెనుక గోడ మీద ఒక బోర్డు ఉండేది. కొన్నిచోట్ల ఇప్పటికీ ఉంది: ‘నేడు నగదు - రేపు అప్పు’. ఏ రోజు వెళ్లి చదివినా అది నేడే. రేపు ఎన్నటికీ రాదని బాగా తెలిసిన వ్యాపారి రాయించిన బోర్డు అది. తమాషా ఏమిటంటే, ఆ బోర్డు కింద కూర్చున్న మనిషే సొంత పనుల దగ్గరికి వచ్చేసరికి రేపటిని గట్టిగా నమ్ముతాడు. రేపు బాకీ అడగాలి, రేపు నిలవ సరుకు తేల్చాలి, రేపు కూర్చుని లెక్కలు చూడాలి.

దీనికి సోమరితనం అని పేరు పెట్టడం అన్యాయం. నాకు బాగా తెలిసిన ఒక ఎలక్ట్రికల్ దుకాణం యజమాని ఉన్నారు. ఉదయం ఎనిమిదిన్నరకు షట్టర్ ఎత్తితే రాత్రి తొమ్మిదిన్నరకు గానీ దించరు. మధ్యాహ్నం క్యారియర్ కౌంటర్ వెనుకే విప్పుతారు. ఒక్క స్విచ్ కోసం వచ్చినవారికి కూడా నాలుగు రకాలు తీసి చూపిస్తారు. అలాంటి మనిషికి ఒక ఇళ్ల కాంట్రాక్టర్ నుంచి రెండు లక్షలు రావాలి. ఆ ఒక్క ఫోన్ చేయడానికి మాత్రం చెయ్యి ఆడదు. ఎప్పుడు కదిపినా ఏదో ఒక పని అడ్డం వస్తుంది: లారీ సరుకు దిగుతోంది, పండగ సీజన్, కుర్రాడు సెలవులో ఉన్నాడు. అన్నీ నిజాలే. అందుకే ఈ రోగాన్ని పట్టుకోవడం కష్టం. బద్ధకస్తుడి వాయిదా ఎదుటివాళ్లకు కనిపిస్తుంది. కష్టజీవి వాయిదా చెమట చాటున దాక్కుంటుంది.

చిన్న వ్యాపారి దేన్ని వాయిదా వేస్తాడో వరుసగా రాసుకుంటే ఒక సంగతి తేలుతుంది. కొనుగోళ్లు వాయిదా పడవు, అమ్మకాలు పడవు. పడేవన్నీ మనసుకు గుచ్చుకునే పనులే. పాత బాకీ అడగాలంటే ఎదుటివాడి మొహం చూడాలి. ధర పెంచాలంటే పాత ఖాతాదారు మాట పడాలి. పనికిరాని గుమాస్తాను మాన్పించాలంటే వాళ్ల నాన్నతో ఉన్న స్నేహం గుర్తుకొస్తుంది. లెక్కల పుస్తకం తెరవాలంటే అందులోని అంకెకు భయం. వాయిదా అనేది సమయపాలనకు సంబంధించిన లోపం కాదని, ఇబ్బంది పెట్టే భావాల నుంచి తప్పించుకునే దారి అని కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త టిమొతీ పిచిల్ చాలా ఏళ్లుగా వాదిస్తున్నారు. మనకు ఇందుకు ఒక సొంత మాట ఎప్పటి నుంచో ఉంది: మొహమాటం.

రోజులు ఎలా జారిపోతాయో చెప్పడానికి అమెరికా ఆర్థికవేత్త జార్జ్ ఆకెర్లాఫ్ తన కథే చెప్పుకున్నారు. అది జరిగింది మన దేశంలోనే. 1960ల చివర్లో ఆయన ఏడాదిపాటు ఇక్కడ ఉన్నప్పుడు, చూడటానికి వచ్చిన మిత్రుడు జోసెఫ్ స్టిగ్లిట్జ్ తిరిగి వెళ్తూ ఒక బట్టల పెట్టెను వదిలివెళ్లారు, అమెరికాకు పంపించమని. పంపడానికి ఒక పూట కాదు, ఒక రోజంతా పడుతుందని ఆకెర్లాఫ్ అంచనా. దాంతో ప్రతి ఉదయం లేవడం, రేపు పంపుదాం అనుకోవడం. ఎనిమిది నెలలు దాటిపోయాయి. ఆ తర్వాత 2001లో ఆయనకూ స్టిగ్లిట్జ్‌కూ కలిపే నోబెల్ వచ్చింది కాబట్టి తెలివితేటలకు కొదవ ఉందని ఎవరూ అనలేరు. ఆయన చెప్పిన కీలకం ఇది: ఈరోజు పడే శ్రమ కళ్ల ముందు కొండలా ఉంటుంది, ఒక్క రోజు ఆలస్యం వల్ల పోయేది ఆవగింజంత. ఏ రోజుకారోజు చూస్తే రేపటికి వాయిదా వేయడమే తెలివైన పనిగా తోస్తుంది.

ఆ ఆవగింజను మన లెక్కలో తూచి చూద్దాం. ఎలక్ట్రికల్ దుకాణం ఆయన సరుకు కోసం నూటికి రెండు రూపాయల వడ్డీకి డబ్బు తెచ్చారు. అంటే కాంట్రాక్టర్ దగ్గర ఆగిన రెండు లక్షల మీద నెలకు నాలుగు వేలు, రోజుకు సుమారు నూట ముప్పై రూపాయలు. ఇద్దరి టిఫిను, టీ ఖర్చు. అంత మాత్రానికి ఎవరు మొహమాటం చంపుకుంటారు? కానీ మూడేళ్లకు అది 1,44,000 అవుతుంది. పైగా ఆ మూడేళ్లకు మరో అర్థం ఉంది. కాంట్రాక్టర్ రాసిచ్చిన ప్రామిసరీ నోటు మీద దావా వేయడానికి చట్టం ఇచ్చిన గడువు అంతే. ఆ తర్వాత నోటుకు ‘కాలదోషం’ పడుతుంది. ఎంత మంచి మాట! తప్పు మనిషిది కాదు, కాలానిది అన్నట్టుగా ఉంటుంది.

ఇదే మనిషి జీఎస్టీ రిటర్న్ మాత్రం తప్పకుండా వేయిస్తారు. నెలనెలా వేసేవారికి జీఎస్టీఆర్-3బీ గడువు మరుసటి నెల 20వ తేదీ. దాటితే రోజుకు 50 రూపాయల రుసుము, కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. పద్దెనిమిదో తేదీకి బిల్లుల సంచి ఆడిటర్ బల్ల మీద పడుతుంది. బాకీ వల్ల రోజుకు నూట ముప్పై పోతుంటే కదలని మనిషిని యాభై రూపాయలు పరుగెత్తిస్తున్నాయి! జరిమానా ఎంత అన్నది ఇక్కడ ముఖ్యం కాదు. ఒక తేదీ ఉంది, ఆ తేదీని గుర్తుపెట్టుకునే మరో మనిషి ఉన్నాడు.

చీటీలోనూ అంతే. అద్దె ఆలస్యమైనా, కరెంటు బిల్లు ఆలస్యమైనా, చీటీ పాట రోజుకు డబ్బు సిద్ధంగా ఉంటుంది. ఇరవై మంది కళ్లు పడతాయి కాబట్టి. వెనకటి వ్యాపారులు ఉగాదికో దీపావళికో కొత్త పద్దు పుస్తకానికి పసుపు కుంకుమ పెట్టేముందు పాత బాకీలు తేల్చుకోవడంలోనూ ఈ కిటుకే ఉంది. బాకీ అడిగేది పండగ, వ్యాపారి నిమిత్తమాత్రుడు. లెక్కలన్నీ ఫోన్‌లోకి వచ్చాక పుస్తకం మార్చే పనే లేకపోయింది. దాంతోపాటే అడిగే సాకు కూడా పోయింది.

బాకీలు పేరుకుపోవడానికి వాయిదా ఒక్కటే కారణమంటే అది అర్ధసత్యం. పెద్ద కొనుగోలుదారుడు చిన్నవాణ్ని తిప్పుకోవడం వేరే కథ. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలి, లేకపోతే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. అలా చెల్లించని సొమ్మును కొనుగోలుదారు ఆ ఏడాది ఖర్చుగా చూపుకోవడానికి వీల్లేదని 2023లో ఆదాయపు పన్ను చట్టంలోనూ చేర్చారు. ఇవి తయారీదారుకు, సేవలు అందించేవారికి దన్ను. కొని అమ్మే దుకాణదారుకు 2021 నుంచి ‘ఉద్యమ్’ అనే ఎంఎస్‌ఎంఈ నమోదు దొరికినా అది బ్యాంకులు ఇచ్చే ప్రాధాన్య రంగ రుణాల వరకే. ఈ 45 రోజుల రక్షణ అతనికి లేదు. తయారీదారు కూడా ఫిర్యాదు చేస్తే ఖాతాదారు చేజారతాడని ఆగుతాడు. అలా ఆగడం తప్పని నేను అనను. ఆగడం వేరు, వాయిదా వేరు. మార్చి దాకా చూసి అప్పుడు నోటీసు ఇస్తానన్నవాడు ఆగుతున్నాడు. చూద్దాం అన్నవాడు వాయిదా వేస్తున్నాడు.

నిలవ సరుకు సంగతీ చూడాలి. 2015లో ఉజాలా పథకం వచ్చి ఎల్‌ఈడీ బల్బులు చవకయ్యాక సీఎఫ్‌ఎల్‌లకు రోజులు చెల్లాయని అందరికీ అర్థమైంది. మన దుకాణం అటక మీద రెండు పెట్టెలు చాలా కాలం అలాగే ఉండిపోయాయి. అప్పుడే సగం ధరకు అమ్మేస్తే నష్టం ఒప్పుకున్నట్టు. అటక మీద ఉన్నంతకాలం అది నష్టం కాదు, సరుకే.

అందుకే పట్టుదల పెంచుకోండి, తెల్లవారుజామున లేవండి అనే ఉపదేశాల మీద నాకు పెద్దగా గురి లేదు. ఈ మనిషికి పట్టుదల తక్కువై కాదు. తేదీని, సాక్షిని అరువు తెచ్చుకోవడం నయం. బజారులో నమ్మకమైన నలుగురు దుకాణదారులు నెలకొక ఆదివారం కూర్చుని, ఎవరి రాని బాకీల జాబితా వారు చదివితే చాలు. చీటీకి పనిచేసిన సిగ్గే ఇక్కడా పనిచేస్తుంది. ఫోన్ చేసే పని ఇంట్లో మొహమాటం తక్కువున్నవారికి అప్పగించవచ్చు. చాలా ఇళ్లలో అది భార్యే. ఆకెర్లాఫ్ పెట్టె చివరికి ఎలా వెళ్లిందో తెలుసా? మరో మిత్రుడు అమెరికాకు సామాను పంపిస్తుంటే అందులో కలిపేశారు.

మా ఎలక్ట్రికల్ దుకాణం ఆయన విషయంలో ఆ మిత్రుడి పాత్ర ఆడిటర్ దగ్గర పనిచేసే అమ్మాయికి దక్కింది. బిల్లుల సంచిలో పొరపాటున కలిసిపోయిన నోటు నకలు చూసి, “సార్, దీనికి ఇంకా పంతొమ్మిది రోజులే ఉంది” అని ఫోన్ చేసింది. ఆ సాయంత్రం ఆరింటికే షట్టర్ సగం దించి ఆయన బండి తీశారు. కాంట్రాక్టర్ కాఫీ ఇప్పించాడు, పిల్లల చదువుల గురించి అడిగాడు, ఐదు వేలు చేతిలో పెట్టి నోటు వెనుక చెల్లు రాసి సంతకం చేశాడు. చట్టం ప్రకారం ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్ల గడువు మొదలైంది. ఆయన మొహంలో ఎంత నిశ్చింతో!