అతుకు మీద పరిచిన బొమ్మ

హైదరాబాద్‌లో డాక్యుమెంటరీ నిర్మాణం నేర్చుకునే విద్యార్థికి కెమెరా, ల్యాపెల్ మైక్, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఎంత త్వరగా పట్టుబడతాయో, ఎదుటి మనిషి బతుకును తెరకెక్కించే హక్కు తనకెక్కడిదన్న ప్రశ్న అంత త్వరగా ఎదురుకాదు. నేను చూసిన శిక్షణ తరగతుల్లో నైతికత ఒక విడి పాఠం. నైపుణ్యమంతా నేర్పాక చివర్లో ఒక ఉపన్యాసం, దానికి తోడు అంగీకార పత్రం నమూనా ఒకటి. పొరపాటు ఈ విభజనలోనే ఉంది.

లాడ్ బజార్‌లో లక్క గాజులు చేసే కారీగర్‌ను చిత్రీకరిస్తున్నామనుకుందాం. బొగ్గుల కుంపటి మీద మెత్తబడిన లక్కను సాగదీసి, వేడి తగ్గేలోపు రాళ్లు ఒక్కొక్కటిగా అద్దుతుంటాడు. ఫోకస్ కుదరలేదని 'మళ్లీ ఒకసారి చేయండి' అన్నామంటే అతడి పని మన కోసం చేసే నటన అవుతుంది. గాజు పాడైతే నష్టం మాత్రం అతడిదే. అతడు మాట్లాడేది దక్కనీ ఉర్దూ, సంతకం చేసేది ఇంగ్లీషు పత్రం మీద, ప్రేక్షకుడు చదివేది తెలుగు సబ్‌టైటిల్.

అసలు చిక్కు ఎడిటింగ్‌లో వస్తుంది. 20 నిమిషాల జవాబులోంచి రెండు వాక్యాలు తీసి అతికిస్తే బొమ్మ ఎగిరిపడుతుంది కనుక, ఆ అతుకు కనబడకుండా చేతుల దృశ్యమో కుంపటి దృశ్యమో పైన పరుస్తాం. దీన్నే కటవే అంటారు. 'వ్యాపారం బాగానే ఉంది అని మా నాన్న అనేవాడు' అన్న వాక్యంలో చివరి నాలుగు మాటలు ఎగిరిపోయినా, గాజు మెరుపు చూస్తున్న ప్రేక్షకుడు పసిగట్టలేడు. తెలుగులో 'అని', దక్కనీలో 'బోల్కే' మాట చివరే వస్తాయి కనుక, మన దగ్గర ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

చట్టం కొన్ని గీతలు గీసింది. లైంగిక నేరాల నుంచి పిల్లలను కాపాడే పోక్సో చట్టం, 2012లోని 23వ సెక్షన్ బాధిత పిల్లల గుర్తింపును మీడియా బయటపెట్టకూడదంటుంది. తెగిపోయిన 'బోల్కే'ను పట్టుకునే సెక్షన్ మాత్రం ఏదీ లేదు.

నగరానికి 100 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లో, దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల దళిత మహిళలు వీడియో నేర్చుకుని షాట్లకు తమ పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి, ఊరి భూస్వామిలా చూసేది పటేల్ షాట్, కళ్ల ఎత్తున ఎదురుగా చూసేది సంఘం షాట్. కెమెరాను ఎక్కడ నిలపాలన్నది, ఎవరిని ఎలా చూడాలన్నది వాళ్లకు ఒకే పాఠం.

రఫ్ కట్‌ను, అంటే ఎడిటింగ్ తొలి కూర్పును, ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని అదే గాజుల దుకాణానికి తిరిగి వెళ్లి కారీగర్‌కు చూపించడానికి కూడా మన కోర్సుల్లో మార్కులుండాలి. అతడు వద్దన్నదల్లా తీసేయాలని కాదు. అవినీతిపై తీసిన చిత్రంలో అధికారికి అలాంటి వీటో ఇస్తే అది జర్నలిజం కాదు. కానీ కారీగర్ అధికారి కాదు కదా, తన మాట ఎక్కడ తెగిందో చూసుకునే అవకాశమైనా అతడికి ఉండాలి. వెళ్లేది మాత్రం రంజాన్ నెలలో కాకుండా చూసుకోవాలి. అప్పుడు అతడికి తలెత్తే తీరిక ఉండదు.