ఆ సింబల్స్ ఎక్కడ పెట్టారు మహానుభావా?

ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ కెర్నల్ పడిపోయింది. పడిపోయినప్పటి మెమరీ నకలు, అదే క్రాష్ డంప్, చేతిలో ఉంది. డీబగ్గర్ తెరిస్తే అన్నీ హెక్స్ అంకెలే! ఆ అంకెల్ని ఫంక్షన్ల పేర్లుగా చూపించే సింబల్స్ ఏవి? ఫెడోరా లినక్స్‌లో యూఎస్ఆర్ లిబ్ డీబగ్ (/usr/lib/debug) కింద, మాడ్యూల్స్ ఫోల్డర్లో. ఉబుంటు లినక్స్‌లో అదే డీబగ్ కింద, బూట్ అనే ఫోల్డర్లో. ఫ్రీబీఎస్‌డీ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ పాత వెర్షన్లలో అయితే సరాసరి బూట్ డైరెక్టరీలోనే, కెర్నల్ పక్కనే! ఆ బూట్ ఉండే డిస్క్ భాగం, అదే రూట్ పార్టిషన్, చిన్నదైతే గతేంటి? కొత్త కెర్నల్ ఎక్కిస్తుంటే మధ్యలో డిస్క్ ఫుల్, మనకు జాగారం. తర్వాత యూఎస్ఆర్ కిందికి మార్చారు లెండి. ఆ బుద్ధేదో ముందే ఉండొద్దూ?

పోనీ, దొరికాయే అనుకోండి. కెర్నల్‌కీ సింబల్స్‌కీ ఒకటే ఉండాల్సిన గుర్తు, బిల్డ్ ఐడీ, కలవదు! కెర్నల్ అప్‌డేట్ అయింది, సింబల్స్ ప్యాకేజీ మాత్రం పాతదే. సింబల్స్‌ని నెట్‌లో అందించే సింబల్ సర్వర్ నుంచి తెచ్చుకోమని ఉచిత సలహా ఒకటి. నెట్ లేని మెషీన్‌లో ఏ సర్వర్‌ని అడగాలండీ?